తర్జుమాలో నేను కలిపిన మాట

ముప్ఫై ఏళ్లు మా నాయన ఇంకొకరి మాటలు మాట్లాడాడు. కోవూరులో మా చర్చికి వేరే రాష్ట్రాల నుంచో, విదేశాల నుంచో ప్రసంగీకులు వస్తే, వాళ్ల పక్కన నిలబడి వాక్యం తర్వాత వాక్యం తెలుగు చేసేవాడు. వాళ్లు చెయ్యెత్తితే ఈయనా ఎత్తేవాడు. వాళ్లు గొంతు పెంచితే ఈయనా పెంచేవాడు. వచ్చినాయన "నేను పాపిని" అంటే, తర్జుమా చేసేవాడు కూడా "నేను పాపిని" అనే అనాలి. "ఈయన పాపినంటున్నాడు" అని పక్కకు తప్పుకోకూడదు. "ఒక్క మాట కలపబాక, ఒక్క మాట మింగబాక. నీ నోరు ఆయనకి అద్దెకిచ్చినావనుకో," అని నాకు నేర్పించాడు. ఆయన కళ్లు మసకబారాక ఆ పని నా మీద పడింది. నేను కొడవలూరు దగ్గర హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. నోరుంది. ముక్కు మీద కోపం కూడా ఉందని అందరికీ తెలుసు.

పోయినేడు మా సంఘంలో యౌవనస్థులు తల్లిదండ్రుల కోసం ఏదైనా మంచి సినిమా వెయ్యాలనుకున్నారు. "పిల్లల పెంపకం మీద ఉండాల మేడమ్, మీరే చూసి చెప్పండి," అన్నారు. నాలుగైదు చూశాను. చివర చూసినదాని తర్వాత ఫోను మంచం మీద పడేశాను.

ఎక్కడో చలిదేశపు సినిమా. వాళ్ల భాష నాకొక్క ముక్క రాదు, కింద ఇంగ్లీషు అక్షరాలు పడతాయి. సముద్రం ఒడ్డున చిన్న ఊరు. పదేళ్ల పిల్లవాడు, అమ్మ, నాన్న, ఒక అక్క. నాన్న పడవలు బాగుచేస్తాడు. ఒకరోజు ఆయన ఆర్పకుండా వదిలేసిన దీపం వల్ల ఊరందరి పడవల కొట్టం కాలిపోతుంది. ఊరివాళ్లు అడిగితే "మావాడే చేశాడు" అంటాడు. పిల్లవాడు ఇంటింటికీ వెళ్లి క్షమాపణ అడుగుతాడు. పెద్దవాడై ఊరు వదిలిపోతాడు. చివర్లో ఒక్కసారి తండ్రిని చూడ్డానికి వస్తాడు. అంతే సినిమా.

అది మా ఇంటి కథ. పడవల కొట్టం బదులు మైకు సెట్టు.

నా తమ్ముడికి అప్పుడు పదహారేళ్లు. చర్చిలో ఏటా జరిగే ఉజ్జీవ కూటాల్లో, మధ్యాహ్నం ప్రసంగం నడుస్తుండగా కరెంటు పోయింది. మైకు పని తమ్ముడిదే. వాడు బ్యాటరీ తెచ్చిపెట్టి కటింగ్ ప్లేయర్ కోసం పరిగెత్తాడు. ప్రసంగం ఆగిపోయిందని నాయనకు తొందర. తనే తీగలు తగిలించాడు, అటుది ఇటూ ఇటుది అటూ. గుప్పున పొగ, కాలిన వాసన. ఆ సెట్టు, సంఘంలో ఆడవాళ్లు ఎసరు పెట్టినప్పుడల్లా తీసిపెట్టిన పిడికెడు బియ్యం పోగేసి, అమ్మి కొన్నది. సంఘపెద్దలు వచ్చి ఎవరు చేశారని అడిగారు. నాయన "మా అబ్బయ్య తీగలు మార్చినాడు," అన్నాడు. మరుసటి ఆదివారం తమ్ముడు సంఘం ముందు నిలబడి క్షమాపణ చెప్పాడు. చెప్పి, ఆ వారమే కోట అనే ఊరి దగ్గర మా మేనమామ రొయ్యల గుంటలకు పోయాడు. ఆ తర్వాత చర్చి మెట్లెక్కలేదు, నాయనతో మాట్లాడలేదు.

ఇరవై రెండేళ్లు! నాయన నా దగ్గరే ఉంటాడు. తమ్ముడు నెలకోసారి నన్ను చూడ్డానికి వచ్చేవాడు. ఇద్దరూ ఒకే వసారాలో కూర్చుని నన్ను మధ్యలో పెట్టుకునేవాళ్లు. "అక్కా, నాయన మాత్రలేసుకున్నాడేమో అడుగు." "పాపా, వాడికి ఇంకో రెండు చేప ముక్కలెయ్యి." తెలుగులోంచి తెలుగులోకి తర్జుమా, నా ఖర్మ! ఒక్కోసారి గరిటె తిరగేసి ఇద్దరి నెత్తినా ఒకటి వెయ్యాలనిపించేది. ఒకసారి ధైర్యం చేసి, "నాయనా, ఆ మైకు సంగతి వాడితో ఒక్క మాట చెప్పరాదా?" అన్నాను. "యా సంగతి?" అని చేతికర్ర అందుకుని బయటికి పోయాడు. ఆయనకిప్పుడు డెబ్బై ఎనిమిది. ఇంకెన్నాళ్లు ఆగాలి? ఈ సినిమా ఆయన వినాలి. వాడి ఎదురుగా వినాలి. ఇక తాడో పేడో తేల్చుకోవాలనుకున్నాను.

అడ్డంకులకు కొదవ లేదు. "గుళ్లో సినిమా ఏందమ్మా, విడ్డూరం కాకపోతే!" అని సంఘంలో ఒక పెద్దమ్మ గొడవ పెట్టుకుంది. గుళ్లో కాదు, చర్చి పక్కన హాల్లో అన్నాను. రాని భాష సినిమా ఎవరికి అర్థమవుతుందన్నారు. నేను నిలబడి చెబుతానన్నాను. ప్రొజెక్టరు లేదన్నారు. మా స్కూలుది అడిగి తెచ్చాను. తమ్ముడికి ఫోన్ చేస్తే, "రేపోమాపో రొయ్య పట్టాల, రాలేనక్కా," అన్నాడు. "నీ రొయ్యలు ఒక్కరోజు ఆగితే కొంపలేం మునగవు. రాకపోతే మళ్లీ నా గడప తొక్కబాక," అని పెట్టేశాను.

ఆదివారం రెండో ఆరాధన అయ్యాక భోజనాలు కానిచ్చి, హాలు కిటికీలకు దుప్పట్లు కట్టారు. నాయన ముందు వరసలో కూర్చున్నాడు. తమ్ముడు వచ్చాడు గానీ కూర్చోలేదు. హెల్మెట్ చేత్తో పట్టుకుని వెనక తలుపు దగ్గర నిలబడ్డాడు. నేను మైకు తీసుకుని తెర పక్కన నిలబడ్డాను.

నాయన పద్ధతిలోనే చెప్పుకుపోయాను. పిల్లవాడు మాట్లాడితే నేను పిల్లవాణ్ణి, తల్లి మాట్లాడితే తల్లిని. మొదట్లో జనం నవ్వుకున్నారు. ఉడకబెట్టిన ఉర్లగడ్డలు తప్ప పాపం వాళ్లకు వేరే కూరే లేదని జాలిపడ్డారు. కొట్టం తగలబడేసరికి నవ్వులు ఆగిపోయాయి. ఊరివాళ్ల ముందు తండ్రి నోరు తెరిచాడు. "మావాడే చేశాడు. నేను చూశాను," అన్నాను మైకులో. ఓరకంట నాయననే చూస్తున్నాను, బోనులో ముద్దాయిని చూసినట్టు. ఆయన కదల్లేదు. పిల్లవాడు ఒక్కో తలుపూ కొడుతూ "నన్ను క్షమించండి" అంటుంటే నేనూ అంటున్నాను. వెనక తమ్ముడు తల దించుకుని హెల్మెట్ పట్టీ విప్పుతూ, పెడుతూ ఉన్నాడు.

అప్పుడు రెండో వరసలోంచి ఆ పెద్దమ్మ గట్టిగా అడిగింది. "కిటికీలో నిలబడుకోని ఉండేది ఆ పిల్లోడి అక్క గదా? తండ్రి దీపం ఒదిలేసి పోతావుంటే అది చూసింది గదా? దానికేం నోరు పడిపోయినాదా?"

ఆ సినిమా మూడుసార్లు చూశాను. మూడుసార్లూ తండ్రిదే తప్పని పళ్లు కొరుక్కున్నానే గానీ, ఆ పిల్లను లెక్కలోకే తీసుకోలేదు. ఆ రోజు నాయన తీగలు తగిలిస్తున్నప్పుడు పక్కన నిలబడి బ్యాటరీ పట్టుకున్నది నేనే. తమ్ముడు క్షమాపణ చెబుతున్నప్పుడు ఆడవాళ్ల వైపు ముసుగేసుకుని తల వంచుకుని కూర్చున్నదీ నేనే. నాయన మీద కోపం పెంచుకుంటే నా వంతు తీరిపోతుందనుకున్నాను ఇన్నేళ్లూ. చచ్చేంత సిగ్గేసింది. మిగతా సినిమా ఎలా చెప్పానో నాకే తెలియదు. రెండు చోట్ల వాక్యాలు దాటేశాను కూడా.

చివరి సీను వచ్చింది. కొడుకు వచ్చి తండ్రి ఎదురుగా కూర్చున్నాడు. "నీకు తెలుసు కదా?" అన్నాడు. నేనూ అదే అన్నాను. తండ్రి మాట్లాడడు. తన చేతులు చూసుకుంటాడు. కింద అక్షరాలేమీ పడవు. అక్కడ నేను నోరు మూసుకోవాలి. మూసుకోలేకపోయాను.

"తెలుసురా. తప్పు నాది, నీది కాదు," అన్నాను మైకులో.

"ఆయన ఆ మాట అనలా." నాయన గొంతు. చూపు మసకే గానీ ఆయన చెవులు భేషుగ్గా ఉన్నాయి. "తెర మీంచి గొంతు రాలా. నువ్వు కలిపినావు పాపా."

అందరూ నా వైపు తిరిగారు. అయినా సరే, ఈసారి వెనక్కి పోయేది లేదనుకున్నాను.

"అవును నాయనా, కలిపినా. ఆయన అనలా, అది నా మాట," అన్నాను. "మైకు సెట్టు కాలిన రోజు నేను పక్కనే ఉండా. మా తమ్ముడు ఆ తీగలు ముట్టుకోలా. నాకు తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నా. వాణ్ణి మీ అందరి ముందర నిలబెడితే చూస్తా కూర్చున్నా. తమ్ముడా, నన్ను క్షమించరా."

అంతకు మించి చెప్పలేదు. తీగలు ఎవరు తగిలించారో చెప్పాల్సింది నేను కాదు.

తెర మీద పేర్లు పడుతున్నాయి, ఏదో పాట వస్తోంది. ఎవరో లేచి దాన్ని ఆపేశారు. నాయన కర్ర పట్టుకుని నిలబడ్డాడు. రెండో చెయ్యి గాలిలోకి చాపాడు, మైకు కోసం. తీసుకెళ్లి ఆ చేతిలో పెట్టాను. పట్టుకున్నాడే గానీ నోటి దాకా తేలేదు. పొట్ట దగ్గరే ఉంచుకుని గొణిగాడు. "ఆ తీగలు తగిలించింది నేను. పెద్దమనిషిని, నా పరువు పోద్దని అబ్బయ్య మీద ఏసినా."

ముందు రెండు వరసల వాళ్లకే వినపడింది. ఎవరో "ప్రభువా" అన్నారు.

వెనక తలుపు దగ్గర నుంచి తమ్ముడు మాట్లాడాడు. నాతో కాదు.

"నాయనా, ఇక్కడికి వినపడలా. మైకు పైకెత్తి చెప్పు."

ఇరవై రెండేళ్లలో వాడు ఆయనతో నేరుగా అన్న మొదటి మాట అది. నాయన మైకు నోటి దగ్గరికి ఎత్తాడు. ఎత్తి, హాలంతా వినపడేలా మళ్లీ మొదట్నుంచి చెప్పాడు.