ప్రష్యా మేజరుగారి తద్దినం

శనివారం, మధ్యాహ్నం పన్నెండుంబావు. సింగపూరులో, హౌగాంగ్‌లో, మా అల్లుడి ఫ్లాట్‌లో నేనొక జర్మన్ దొరని పీట మీద కూర్చోబెట్టి, భుజాన తడి తువ్వాలు వేసి, ఆయన ముత్తాతకి తద్దినం పెట్టించడం మొదలుపెట్టిన ఘడియ అది. ఇంతకన్నా తలతిక్క పని చేసినవాళ్ళెవరైనా ఉంటే రండి, నా పక్కన కుర్చీ వేస్తాను.

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ పిచ్చెక్కిపోతాయని లోకమంతా హడలిపోతున్న రోజులవి. మా అల్లుడు మురళి ఆ పిచ్చి కుదిర్చే పనిలో ఉండేవాడు. వాళ్ళ ఆఫీసుకి పెద్ద, హెల్ముట్ అనే జర్మన్. కొత్త ప్రాజెక్టుకి లీడర్ని ఆయనే ఎంచాలి. మురళిని ఎంచితే వర్క్ పాస్ పొడిగిస్తారు. లేకపోతే నెల తిరక్కుండా మా అమ్మాయి పద్మ గిన్నెలు మూట కట్టుకోవాలి.

నేనేమో నలభై దాటాక బడికెళ్ళి అక్షరాలు దిద్దినదాన్ని. చిన్నప్పుడు చదువుకున్నవాళ్ళకి తమకి తెలియనిది ఉందని కాస్త భయముంటుంది. నాకు అదీ లేదు. మందుసీసా మీద పేరు చదివితే చాలు, రోగం కూడా తెలిసిపోయిందనుకునేదాన్ని. అలాంటి నాతో మురళి అన్నాడు:

"అత్తయ్యగారూ, వచ్చే శనివారం మా బాస్ వాళ్ళ ముత్తాతని తలుచుకుంటాడు. ఏటా చేస్తాడు. ఈసారి మనింట్లో, మన వంటతో కావాలన్నాడు."

"ఎంత భక్తండీ! ఇంతకీ ఆ పెద్దాయన ఏం చేసేవాడు?"

"ప్రష్యా సైన్యంలో మేజరు."

"అదెక్కడ?"

"ఇప్పుడు లేదండీ. జర్మనీలో కలిసిపోయింది."

"దేశం కూడా పోయిందా, పాపం!"

ఆ మేజరుగారి చరిత్ర ఆఫీసులో అందరికీ కంఠతా వచ్చట. బాస్ వారానికోసారి చెబుతాడు మరి. మీసాలు రాకముందే సైనికుల బడిలో చేరాడు. డేన్‌మార్క్ యుద్ధానికి వెళ్ళి జలుబుతో తిరిగొచ్చాడు. ఆస్ట్రియా యుద్ధానికి దారి తప్పి, అంతా అయిపోయాక చేరాడు. ఫ్రాన్సు యుద్ధంలో తొడలో తూటా దిగింది. కాల్చింది సొంత సిపాయేనన్న సంగతి ఇంట్లోవాళ్ళు పైకి అనరు. ఒకసారి రాజుగారి ముందు కవాతులో గుర్రం మీంచి పడిపోతే, గుర్రం ఒక్కటే నడిచివెళ్ళి రాజుగారికి తలవంచి వచ్చిందట. మేజరు హోదా ఆ తర్వాతే వచ్చింది. ఎవరిని చూసి ఇచ్చారో నన్నడక్కండి.

"ఆయనకేమంటే ఇష్టం?" అన్నాను.

"బంగాళాదుంపలు."

అంతే, నాకింకేమీ అక్కర్లేకపోయింది. పోయినవాళ్ళని తలుచుకునే రోజంటే మా ఇళ్ళల్లో ఒకటే. శనివారం తెల్లారేసరికి గారెలు, పరమాన్నం, బంగాళాదుంపల వేపుడు సిద్ధం. లిటిల్ ఇండియా నుంచి మల్లెదండ కూడా తెప్పించాను.

హెల్ముట్ ఒక చేత్తో ఫోటో, ఇంకో చేత్తో అట్టపెట్టె పట్టుకుని, మురళితోనూ ఆఫీసులో ఇంకో కుర్రాడు సలీంతోనూ వచ్చాడు. సలీం హైదరాబాదువాడు. పెట్టె పక్కన పెట్టించి, ఫోటో అందుకుని, మేజరుగారి నుదుట బొట్టు పెట్టి దండ వేశాను. మురళి ముఖం సున్నం కొట్టిన గోడలా అయింది.

"అత్తయ్యగారూ, ఇదేంటి? ఇవాళ..."

"పితృకార్యంలో మాట్లాడకూడదు. ఆయన తలకి పోసుకున్నాడేమో కనుక్కోండి."

"ఎలా అడగనండీ?"

"నోటితో!"

మురళి ఏం చెప్పాడో గానీ, హెల్ముట్ వెంటనే స్నానాలగదిలోకి వెళ్ళి తల తడుపుకుని వచ్చాడు. దక్షిణం వైపు తిరగమంటే తిరిగాడు. పీట మీద కూర్చోమంటే, ఆరడుగుల మనిషి, మడత మంచం ముడిచినట్టు మూడు విడతలుగా కూర్చున్నాడు. ప్రష్యా రక్తం ఊరికే పోతుందా!

తర్వాత విస్తరి తీసుకెళ్ళి కారిడార్ పిట్టగోడ మీద పెట్టించాను. "కాకి ముట్టేదాకా మనమెవరం ముట్టకూడదు," అన్నాను.

కాకి రాలేదు. ఎందుకొస్తుంది? కింద హాకర్ సెంటర్‌లో నూడుల్స్ తిని బలిసిన కాకులవి. రెండు గోరింకలు వచ్చాయి, వాటిని నేనే తరిమాను.

ఒంటిగంటయింది. సలీం కడుపు పట్టుకున్నాడు. "ఆంటీ, పొద్దుగాల్నుంచి ఏం తినలే. గోరింక నడ్వదా?"

"నడవదు. నువ్వు కాకిలా అరిచి పిలువు."

వాడు ఆకలి మీదున్నాడేమో, మనసు పెట్టి అరిచాడు. కాకి బదులు పక్కింటి లిమ్ ఆంటీ వచ్చింది.

"ఐయో ఆంటీ! బర్డ్‌కి మకాన్ కెనాట్ లా! ఫైన్, యూ నో? బిగ్ ఫైన్!"

"అమ్మా, పిట్టలకి తిండి పెడితే జరిమానా వేస్తారట!" అంది పద్మ.

"పితృదేవతలకి కూడా జరిమానానా? ఇదేం ఊరే!"

హెల్ముట్ మాత్రం పిట్టగోడ దగ్గర కాపలా సిపాయిలా నిటారుగా నిలబడ్డాడు. రెండుంబావుకి ఆయన కడుపు మాకు వినపడేలా మూలిగింది. లోపలికి వచ్చి, అట్టపెట్టె తెరిచి, గుమ్మం దగ్గరి స్టూలు మీద పెట్టాడు. కేకు! దాని మీద కొవ్వొత్తులు. అవి వెలిగించి, ఏదో పాట పాడి, ఉఫ్‌మని ఊదేశాడు.

"దీపాలార్పుతాడేంటి! పోయినవాళ్ళ ముందు!" అని కేక పెట్టాను.

"మీరు నన్ను మాట్లాడనిస్తేగా!" మురళి గొంతు ఏడుపులో పడింది. "ఇవాళ మేజరుగారి పుట్టినరోజండీ!"

"చచ్చిపోయినవాడికి పుట్టినరోజేంటి, అల్లుడుగారూ?"

"వాళ్ళు అదే చేస్తారు!"

హెల్ముట్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఏమిటి సంగతన్నాడు. మురళి నిజం చెప్పేశాడు: మా అత్తగారు మీ ముత్తాత పుట్టినరోజున ఆయనకి శ్రాద్ధం పెట్టించింది, క్షమించండి, అని. పద్మ కళ్ళు అప్పుడే గిన్నెలు సర్దుతున్నాయి.

అప్పుడొచ్చిందండీ కాకి. విస్తరి కేసి చూసింది. నా గారెల్ని దాటింది, వేపుడిని దాటింది, తిన్నగా గుమ్మంలోకి దిగి, కేకులో ముక్కు గుచ్చి, నోటినిండా క్రీము పట్టుకుని ఎగిరిపోయింది.

"దీనర్థమేమిటి?" అన్నాడు హెల్ముట్.

"వచ్చింది మీ ముత్తాతగారేనండీ," అన్నాడు మురళి నీరసంగా. "ఆయనకి కేకే కావాలట."

హెల్ముట్ మడమలు టక్కున కలిపి, ఎగిరిపోతున్న కాకికి సెల్యూట్ కొట్టాడు. తర్వాత కూర్చుని పద్నాలుగు గారెలు తిన్నాడు. చెయ్యి కడుక్కుని, మురళితో అన్నాడు:

"ఆఫీసులో నేను మీటింగ్ పెడితే సగంమంది కాఫీకి పోతారు. ఈవిడ మమ్మల్ని రెండు గంటలు ఆకలితో నిలబెట్టింది, ఒక్కడు కదల్లేదు. నాకు కావలసిన లీడర్ ఈవిడే."

"ఆవిడకి కంప్యూటర్ రాదు సార్!"

"నాకు మాత్రం ఏం వచ్చు? కానీ ఆవిడకి పాస్ ఇవ్వరు కాబట్టి నిన్ను తీసుకుంటున్నాను. పని ఆలస్యమైతే ఆవిడకి ఫోన్ చేస్తాను."

ఆ సాయంత్రమే దేవుడి పటం ముందు ప్రమాణం చేశాను. ఇక మీదట ఏ దేశపు సైన్యాధికారికైనా సరే, హోదా ఎంత పెద్దదైనా సరే, పుట్టిందెప్పుడో పోయిందెప్పుడో విడివిడిగా కనుక్కోనిదే పప్పు నానబొయ్యను.

ఆ రోజు అక్కడున్నవాళ్ళు: మా అమ్మాయి పద్మ, అల్లుడు మురళి, అరిచి అరిచి గొంతు పోయిన సలీం, హెల్ముట్ దొర, పక్కింటి లిమ్ ఆంటీ, దండ వేసుకున్న మేజరుగారు, సత్యవతి అనే నేను, పేరు చెప్పకుండా వెళ్ళిపోయిన ఒక కాకి.