ఉడికినా చావని బ్లాంక్

మా ఎంజైమ్ పుట్టిల్లు హత్నూర దగ్గర మా మేనమామ పెంటకుప్ప. చలికాలం పొద్దున్నే ఆ కుప్పను పారతో కదిపితే లోపల్నుంచి పొగలు వస్తాయి. అంత వేడిలో హాయిగా బతికే బ్యాక్టీరియా దొరుకుతుందని నేను సీసాలు పట్టుకుని వెళ్తే, మామ నన్ను పైనుంచి కిందికి చూశాడు. "గింత సదివి పెంట ఎత్తనీకి వచ్చినవా బిడ్డా? ఫోన్ జేస్తే ట్రాక్టర్ నిండ పంపిస్తుంటి గదా!" అన్నాడు. ఇప్పటికీ ఏ పెళ్లిలో కనపడినా నలుగురిలో ఆ మాట ఎత్తుతాడు.

ఆ పెంటలోంచి తీసిన బ్యాక్టీరియాను పటాన్‌చెరులోని మా ల్యాబ్‌లో పెంచాను. అది చక్కెరను అరిగించుకోవడానికి వాడే ఎంజైమ్ ఒకటి మాకు కావాలి. వేడి ట్యాంకుల్లో కూడా పనిచేసేదైతే కంపెనీకి పండగే. కణాలను పగలగొట్టి, ఆ రసాన్ని డెబ్బై డిగ్రీల వేడిలో ఉంచితే, మిగతా ప్రొటీన్లన్నీ విరిగిన పాలలా గడ్డకట్టి అడుక్కి పోతాయి. మాది మాత్రం పైన తేటలో దర్జాగా మిగలాలి. నాది కాంట్రాక్టు కొలువు, ఇంట్లో సంపాదన నాదొక్కదే. నెలాఖరులోగా ఎంజైమ్ పనిచేస్తున్నట్టు చూపకపోతే ప్రాజెక్టు మూత, దాంతోపాటు నేనూ బయటికి.

పరీక్ష పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. చక్కెర కలిపిన మందులో ఎంజైమ్ వేస్తే, అది బతికుంటే మందు ఊదా రంగుకు తిరుగుతుంది. పక్కనే ఇంకో వరుస పెడతాం. అందులో వేసేది అదే ఎంజైమ్, కానీ సలసలా మరిగించి చంపినది. దాన్ని బ్లాంక్ అంటారు. పీనుగ పనిచేయదు కాబట్టి, బ్లాంక్‌లో ఏమైనా రంగు కనపడితే అది ఎంజైమ్ గొప్ప కాదు. మెషీన్ ఆ రంగును అసలు వరుసలోంచి తీసేసి ఒక అంకె చూపిస్తుంది. ఇదంతా మా ల్యాబ్ పెద్ద, అంటే మా సార్, స్వయంగా రాసి గోడకు అంటించిన పద్ధతి. మెషీన్‌ను ఆయన తప్ప ఇంకెవరూ ముట్టకూడదు. రంగు తిరిగేది మెషీన్ లోపలే; ట్రే లోపల పెట్టేదీ ఆయనే, అయిపోగానే తీసి, దానికేసి చూడనైనా చూడకుండా బ్లీచింగ్ తొట్టిలో ముంచేదీ ఆయనే. నా వంతుకు వచ్చేది తెర మీద అంకె ఒక్కటే.

ఆ అంకె సున్నా. మళ్లీ చేసినా సున్నా. బ్యాక్టీరియాను కొత్తగా పెంచి మొదటి నుంచి చేసినా అదే సున్నా, నాకేసి గుడ్లు మిటకరించి చూస్తూ. "ఏందమ్మా, నీ ఎంజైమ్ మల్ల సచ్చిందా?" అని సార్ రోజూ పలకరించేవారు. చావు పరామర్శకు వచ్చినవాళ్లు కూడా అంత హుషారుగా అడగరు. కొల్లూరులో ఇంటికి చేరేసరికి తల ప్రాణం తోకకొచ్చేది.

నెలాఖరు శుక్రవారం ఆఖరి ట్రే పెట్టాం. సున్నా. "ఇగ చాలమ్మా. సోమవారం నుంచి రాకు, నేను ఆఫీసుల చెప్త" అని సార్ ట్రే పట్టుకుని తొట్టి వైపు నడిచారు. ఇన్నాళ్ల నా కష్టాన్ని అలా ముంచేయబోతుంటే ఒళ్లు మండిపోయింది. "ఆగుండ్రి సార్!" అని అరిచి, ఆ ట్రే చేతిలోంచి లాక్కున్నాను.

అసలు వరుస ఊదా రంగు. బ్లాంక్ వరుసా ఊదా రంగే. నిండుగా, నిక్షేపంగా. ఉన్నదాంట్లోంచి ఉన్నదంతా తీసేస్తే సున్నా కాక ఇంకేం వస్తుంది?

వేడికి చావని ఎంజైమ్ కావాలని పెంటకుప్పలు తవ్వి తెచ్చి, దాన్ని చంపడానికి వేడి చేస్తున్నాం! చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. నా డిగ్రీలూ సార్ సర్వీసూ కలిసి చేసిన ఘనకార్యం. నవ్వూ ఏడుపూ ఒకేసారి తన్నుకొచ్చాయి.

"సార్, మరగబెట్టినా సస్తలేదు ఇది" అన్నాను. సార్ ట్రేను వెలుతురుకు ఎత్తి చూసి నోరు తెరిచారు. ఎందుకైనా మంచిదని చక్కెర వేయకుండా వేరే బ్లాంక్ పెట్టాం. అందులో రంగు రాలేదు. ఈసారి తెర మీద సున్నా కాదు, పెద్ద అంకె వచ్చింది.

సార్ వెంటనే హెడ్ ఆఫీసు మేడమ్‌కు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టారు. "మేడమ్, ఎంజైమ్ మస్తు పనిచేస్తున్నది. మా అమ్మాయి బ్లాంక్‌ల జెర పొరపాటు చేసింది, నేను పట్టుకున్న."

నేను ఎదురుగానే నిలబడి ఉన్నాను! నాకు పిచ్చి లేచింది. ఫోన్ మీదికి వంగి, "మేడమ్, బ్లాంక్ మరగబెట్టుమని గోడకు రాసిపెట్టింది సారే. రాసినట్టే చేసిన. పట్టుకున్నది నేను" అన్నాను.

మేడమ్ పగలబడి నవ్వారు. "ఆ అమ్మాయిని ఉంచండి. గోడ మీది కాగితం మార్చండి" అని పెట్టేశారు.

సార్ ముఖం గంటు పెట్టుకున్నారు. "జెర ఆగి, నాతోని చెప్తే ఏమైతుండె?"

"ఆగితే నా నౌకరి పోతుండె సార్."

ఆయన గోడ మీది కాగితం పీకి బల్ల మీద పెట్టి, మరిగించాలన్న లైను కొట్టేశారు. కలం పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నారు. చివరికి తలెత్తి, "మరి దీన్ని ఎట్ల సంపాలె?" అని నన్నడిగారు.