పసుపు పూసిన పెట్టె

ఎనభయ్యో దశకం మొదట్లో నేను న్యూజెర్సీ రేవు పక్కన ఒక గిడ్డంగిలో గుమాస్తాగా ఉండేవాణ్ణి. మా తాతగారి హయాంలో మా వాకిట్లోనే నలుగురు గుమాస్తాలు చేతులు కట్టుకుని నిలబడేవారు. ఆ సంగతి అక్కడ ఎవరికీ చెప్పలేదు.

కంటైనర్ నిండా సరుకు లేనివాళ్లు తమ ఒకటో రెండో పెట్టెలు మా దగ్గర దింపిపోయేవారు. పదిమందివీ ఒకే కంటైనర్‌లో సర్ది, తలుపులకు సీలు వేసి ఓడకు పంపాలి. ఒకడి పెట్టెకు ఆటంకం వస్తే పదిమంది సరుకూ ఆగేది. తిట్లు మాత్రం నాకు.

ఆ రోజు మద్రాసు ఓడకు సాయంత్రం నాలుగింటికి గడువు. మూడున్నరకు ఒక్క పెట్టె మిగిలింది. పిస్కాటవేలో ఉండే తెలుగు డాక్టరు గుంటూరు దగ్గర తన ఊరి ఆస్పత్రికి పంపుతున్న ఎక్స్‌రే మిషను అది. ఈ ఓడ తప్పితే మళ్లీ మూడు వారాలు. అక్కడ ప్రారంభానికి ముహూర్తం పెట్టేశారు. ఈ ఓడకే ఎక్కిస్తానని నేను మాటిచ్చాను. మా ఇంట్లో ఆస్తి పోయింది గాని మాట పోలేదు.

సరుకు ఎక్కించే మా ఫోర్‌మన్ దాని చుట్టూ రెండుసార్లు తిరిగి పక్కన పెట్టించాడు. నాలుగు మూలలా పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు. లోపలినుంచి ఏదో రసాయనం కారుతోందట, కారే పెట్టె ఎక్కించకూడదట. పూజ చేశారన్నాను. మిషనుకు పూజేమిటన్నాడు.

తుడిస్తే పోయేదానికి ఇంత వాదన ఎందుకని గుడ్డ తడిపి తెచ్చాను. పెట్టె ఎక్కడం చూడ్డానికి డాక్టరుగారూ, ఆయన వెంట వాళ్లమ్మగారూ వచ్చి ఉన్నారు. ఈసారి ఆవిడ పెట్టెకు అడ్డం నిలబడ్డారు. ఆరునెల్లకని కొడుకు దగ్గరికి వచ్చిన మనిషి. పసుపు పూసింది ఆవిడే.

"ఏ వంశంలో పుట్టావు నాయనా, శుభమా అని పెట్టిన పసుపు తుడవడానికి?"

తగలాల్సిన చోటే తగిలింది. డాక్టరుగారు "అమ్మా, ప్లీజ్" అంటూ వాచీ చూసుకుంటున్నారు. తల్లికీ చెప్పలేరు, ఫోర్‌మన్‌కీ చెప్పలేరు. ముగ్గురూ నావైపే చూశారు.

గుడ్డ అవతల పడేశాను. పెట్టె మూల వేలితో గీకి, ఆ పసుపు నాలుక మీద వేసుకున్నాను. దుమ్మూ డీజిలూ కలిసిన రుచి.

ఫోర్‌మన్ నవ్వలేదు. "ఐదు నిమిషాలు చూద్దాం. నువ్వు పడిపోకపోతే ఎక్కిస్తా" అన్నాడు.

ఆ ఐదు నిమిషాలూ నిటారుగా నిలబడ్డాను. సరుకు మోసే బళ్లు నడిపేవాళ్లు పని మానేసి మరీ చూశారు. అమ్మగారు గొంతు తగ్గించి, కాసిని మంచినీళ్లు తాగమన్నారు. తాగలేదు.

గడువుకు కొద్ది నిమిషాల ముందు పెట్టె ఎక్కింది, సీలు పడింది. ఫోర్‌మన్ సరుకు పట్టీలో ఆ పెట్టె పక్కన ఇలా రాసుకున్నాడు: పసుపుపచ్చ పొడి, గుమాస్తా తిన్నాడు, ఫరవాలేదు. దాని కింద నా సంతకం కావాలన్నాడు.

ఇంటిపేరుతో సహా పూర్తిగా పెట్టాను.