అక్క అరచేతికి అందిన పాట

దయ్యాలున్నాయని నేను ఎన్నడూ నమ్మలేదు. నమ్మే వృత్తి కాదు నాది. వికారాబాద్ స్టేషన్ దగ్గర నాకు రేడియో రిపేరు దుకాణం ఉండేది. కొందరు తమ రేడియోలో ఏదో దూరిందని భయపడుతూ తెచ్చేవాళ్ళు. ఆపేసినా గురగురమంటోందనో, దానంతటదే పాడుతోందనో చెప్పేవాళ్ళు. వెనక అట్ట తీస్తే ఎలుక కొరికిన వైరో, ఊడిపోయిన టంకమో కనిపించేది. వాళ్ళకే చూపించి పంపేవాణ్ణి. కోట్‌పల్లి నుంచి ఒకాయన రేడియోకు నిమ్మకాయ కట్టి మరీ తెచ్చాడు. లోపల బల్లి గుడ్లు పెట్టి ఉంది.

అందుకే ఇది రాయడం నాకే కాస్త ఇబ్బందిగా ఉంది. అయినా జరిగింది జరిగినట్టు రాస్తాను.

ముందు మా అక్క గురించి చెప్పాలి. పేరు చంద్రమ్మ, నాకంటే ఆరేళ్ళు పెద్ద. మావాళ్ళు దోమ అనే ఊళ్ళో ఉన్నప్పుడు, నేను పుట్టకముందే, అక్కకు ఐదేళ్ళ వయసులో పెద్ద జ్వరం వచ్చిందట. జ్వరం తగ్గింది కానీ రెండు చెవులూ పోయాయి. పక్కన పటాకులు పేల్చినా తిరిగి చూడదు. అప్పటికే మాటలు వచ్చాయి కాబట్టి అవి నిలిచాయి. గొంతు ఎత్తుపల్లాలు లేకుండా ఒకే తీరుగా ఉంటుంది. మన పెదాలు చూసి మన మాట పట్టుకుంటుంది. పెళ్ళయిన రెండేళ్ళకే బావ పోవడంతో నా దగ్గరికి వచ్చేసింది.

దుకాణంలో సగం పని అక్కదే. ట్రాన్స్‌ఫార్మర్లకు తీగ చుట్టడంలో ఆమెకు సాటి నేను చూడలేదు. తిరిగే మోటారు మీద అరచెయ్యి ఆనించి, బేరింగు ఎక్కడ అరిగిందో చెప్పేసేది. నేను చెవితో వెతికే లోపాన్ని ఆమె చేత్తో వెతికేది. చాలాసార్లు ఆమెకే ముందు దొరికేది.

డెబ్బైల మొదట్లో సికింద్రాబాద్‌లో ఒక పాత క్లబ్బు మూసేస్తుంటే, అక్కడి సామాన్లలో మొదటిసారి కరెంటు ఆర్గన్ చూశాను. చూడటానికి పెద్ద హార్మోనియంలా ఉంటుంది, కానీ తిత్తి ఉండదు. లోపల వరుసగా ఇనుప చక్రాలు తిరుగుతుంటాయి, వాటి నుంచే స్వరం పుడుతుంది. దాని స్పీకరు ఇంకా వింత. బీరువా అంత చెక్కపెట్టె, దాని లోపల ఒక బూర గిరగిరా తిరుగుతుంది. అందుకే స్వరం నిలబడి ఉండదు, అలలు అలలుగా వస్తుంది. ఆ రోజు నుంచి నాకు పిచ్చి పట్టింది. క్లబ్బులు, బడులు, పాత బంగళాలు, ఎక్కడ పాడైన ఆర్గన్ ఉందన్నా వెళ్ళి తెచ్చుకునేవాణ్ణి. కొన్నేళ్ళలో ఇంట్లో మూడు చేరాయి. ఒకదాని మీద అక్క పచ్చడి జాడీలు పెట్టుకుంది.

నా పిచ్చిలో ఇంకో భాగస్వామి ఖాదర్ భాయ్. తాండూరులో వడ్రంగి. ఆర్గన్ల చెక్కపని అంతా ఆయనదే. డెబ్బై ఎనిమిదిలోనో, ఆ మరుసటేడో ఆయన నుంచి కబురు వచ్చింది. తాండూరులో ఒక చిన్న బడి ప్రార్థన హాల్లో ఆర్గన్, స్పీకరు రెండూ గుడ్డ కప్పి ఉన్నాయని.

ఆ బడి హెడ్మాస్టరుగా చేసి దిగిపోయిన సామ్యేల్ సారు మాకు హాలు తెరిచి చూపించారు. దాన్ని రూతమ్మ అనే టీచరు వాయించేదట. ఆమె అరవై తొమ్మిదిలో చనిపోయింది. ఆ తర్వాత దాని ముందు ఎవరూ కూర్చోలేదు.

"నువ్వే తీస్కపో. బాగైతే నీ దగ్గరనే ఉంచుకో," అన్నారు సారు. "గాని ఒక్కపారి మా హాల్ల మోగాలె. గంతే నేను అడిగేది."

"తప్పకుండ మోగిస్త సారు," అన్నాను.

అది అబద్ధం. అక్కడ నిలబడి ఉండగానే నా మనసులో లెక్క వేరే నడుస్తోంది. నా దగ్గరున్న మూడింటిలో అందమైనదానికి లోపలి చక్రాలు బిగుసుకుపోయాయి. అలాంటివి మన దేశంలో దొరకవు. ఈ తాండూరు ఆర్గన్ పైన చెద పట్టి ఉంది, లోపల చక్రాలు మాత్రం బాగున్నాయి. విప్పి నా దానికి వేసుకోవాలి, సారు అడిగితే బాగుపడలేదని చెప్పాలి. ఇదీ నా ఆలోచన.

లారీ మీద వికారాబాద్ తెచ్చాక నేను బోల్టులు విప్పడం మొదలుపెట్టగానే అక్కకు అర్థమైంది.

"దాని పేగులు తీస్తున్నవా?" అంది.

"దీన్ల మంచియి తీసి దాన్ల ఏస్తున్న."

"సారుకు మాట ఇచ్చినవట గద. ఖాదర్ భాయ్ చెప్పిండు."

నేను ముఖం అటు తిప్పుకున్నాను. పెదాలు కనబడకపోతే ఆమెతో వాదన ఆగిపోతుంది. ఆ పని నేను చాలాసార్లు చేశాను, ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

మర్నాడు ఆదివారం. పొద్దున పదిగంటలవుతోంది, ఎండ ఇంట్లోకి వచ్చేసింది. అప్పుడు వస్తువులు ఎలా ఉన్నాయో వివరంగా చెబుతాను, ఎందుకంటే అదే ముఖ్యం. ఆర్గన్ వెనక చెక్కలు తీసేసి ఉంది. చక్రాల పెట్టె విప్పి నేల మీద పెట్టాను. ఆర్గన్‌కూ స్పీకరుకూ మధ్య ఉండే లావు వైరు చుట్ట చుట్టి గోడకు వేలాడుతోంది. స్పీకరు లోపల శబ్దాన్ని పెంచే గాజు వాల్వులన్నీ పీకి మంచం మీద గుడ్డలో వరుసగా పెట్టాను. అంటే అందులోంచి శబ్దం వచ్చే దారే లేదు. బూర తిరుగుతుందో లేదో చూడటానికి మోటారుకు మాత్రం కరెంటు ఇచ్చాను. తిరిగింది. సన్నటి గుయ్‌మనే మోత, అంతే.

అక్క స్పీకరు పెట్టె పక్కన కూర్చుని లక్క పాలిష్ మీది మురికి తుడుస్తోంది. ఎడమ చెయ్యి చెక్కకు ఆనించి ఉంది. నేను స్క్రూడ్రైవర్ ఎక్కడ పెట్టిందో అడగబోతే, కుడి చెయ్యి ఎత్తి నన్ను ఆగమంది. వేలు పెదాల మీద పెట్టుకుంది. చెవులు లేని మనిషి నన్ను చప్పుడు చెయ్యొద్దంటోంది.

తర్వాత చెక్క మీద వేళ్ళతో తాళం వేసింది. ఆ తర్వాత కూనిరాగం తీసింది. మా అక్క పాడటం నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు. ఒకే తీరుగా ఉండే ఆ గొంతు మెల్లగా పైకి వెళ్ళింది, కిందికి దిగింది. చిన్న పాట. మధ్యలో ఒకచోట ఆగి, మళ్ళీ అందుకుంటోంది.

"ఎవరో వాయిస్తున్నరు తమ్మీ," అంది నవ్వుతూ.

నేను వెళ్ళి చెయ్యి పెట్టాను. మోటారు వణుకు తప్ప ఏమీ లేదు. చెవి ఆనించాను. లేదు. స్విచ్చి ఆపేశాను. బూర నెమ్మదిగా నిలిచిపోయింది. అక్క నా చేతి మీద ఒక దెబ్బ వేసింది.

"ఎందుకు ఆపినవ్? ఇంకా అయిపోలే!"

మళ్ళీ వేశాను. ఆమె కళ్ళు మూసుకుని ఆ పాట మిగతా భాగం తీసింది.

నాకు భయం వెయ్యలేదు, నిజం చెబుతున్నాను. పరేషాన్ అయ్యాను. రిపేరుకు వచ్చిన క్యాసెట్ రికార్డర్ ఒకటి బల్ల మీద ఉంది. దాన్ని నొక్కి అక్క పక్కన పెట్టాను. ఆమె ఆ పాటను ఇంకో రెండుసార్లు తీసింది. తర్వాత చెయ్యి తీసేసి, "అయిపోయింది," అని లేచి బియ్యం కడగడానికి వెళ్ళిపోయింది.

సాయంత్రం క్యాసెట్ వేసి విన్నాను. అక్క గొంతు, మోటారు మోత. ఇంకేమీ లేదు.

రెండు రోజులు ఆ చక్రాల పెట్టె ముట్టుకోలేకపోయాను. మూడో రోజు రికార్డర్ సంచిలో పెట్టుకుని పొద్దుటి రైల్లో తాండూరు వెళ్ళాను. ఖాదర్ భాయ్‌ని వెంటబెట్టుకుని సామ్యేల్ సారు ఇంటికి వెళ్ళాను. ఏమీ చెప్పకుండా క్యాసెట్ వేశాను.

సారు కొంచెంసేపు విన్నారు. చేతిలోని చాయ్ కప్పు అరుగు మీద పెట్టారు. రెండోసారి పాట మొదలయ్యేసరికి ఆయన పెదాలు కదిలాయి, తర్వాత మాటలతో సహా పాడారు. చెప్పులు బయట విడువుండి, చేతులు కడుగుండి, వచ్చి వరుసల కూసోండి అనే అర్థం వచ్చే పాట. పక్కనున్న పిల్లకు జర జాగా ఇయ్యమని కూడా ఉంది అందులో.

"గీ పాట నీకెక్కడిది?" అన్నారు. "రూతమ్మ కట్టింది గిది, చిన్న పిల్లల కోసం. పొద్దున పిల్లలు లోపటికి వచ్చేటప్పుడు వాయించేది. ఎక్కడా రాసి పెట్టలే. మా బడి దాటి బయటికి పోలే."

మా అక్క అని చెప్పాను. ఆమెకు చెవులు వినబడవని కూడా చెప్పాను. ఖాదర్ భాయ్ అవునని తలూపాడు. సారు మళ్ళీ వేయమన్నారు. ఈసారి పాట మధ్యలో అక్క ఆగిన చోట ఆయన వేలు ఎత్తారు.

"ఇగో, ఇక్కడ. రూతమ్మ గిక్కడ చేతులు ఆపేది. ఆలస్యంగ వచ్చిన పిల్లలు ఉరికొచ్చి కూసునేదాంక ఆగి, మళ్ల అందుకునేది."

నేను అక్కడ అక్క ఊపిరి తీసుకుందనుకున్నాను. వెనక్కి తిప్పి చూశాం. రెండుసార్లూ అదే చోట, అంతేసేపు.

ఆ అరుగు మీదే సారు ముందు నా దుర్బుద్ధి ఒప్పేసుకున్నాను. బాగు చేస్తానన్న మాట అబద్ధమనీ, విప్పి వాడుకోవడానికే తీసుకెళ్ళాననీ. ఆయన కోప్పడలేదు.

"విప్పినయి మళ్ల బిగియ్యొచ్చా?" అని మాత్రం అడిగారు.

"బిగియ్యొచ్చు సారు."

"అయితే ఫికర్ ఏముంది?"

నాలుగు నెలలు పట్టింది. ఖాదర్ భాయ్ చెద తిన్న చెక్కంతా మార్చాడు. "సత్తన్నా, కొత్త చెక్క యాడుందో దొరకబట్టు సూద్దాం," అని నాతో పందెం వేశాడు. నేను ఓడిపోయాను. అక్క స్పీకరుకు కొత్త తీగ చుట్టింది, వాయించే మెట్ల కింద ఉండే సన్నటి రేకులన్నీ ఒక్కొక్కటే తుడిచింది. ఆ నాలుగు నెలలంత సుఖంగా నేను ఎప్పుడూ పని చేయలేదు. నా అందమైన ఆర్గన్ అలాగే మూగగా ఉండిపోయింది. ఈనాటికీ మూగదే. దానికి నేను బాధపడలేదు.

తాండూరు హాల్లో మోగించిన రోజున రూతమ్మ దగ్గర చదువుకున్నవాళ్ళు చాలామంది వచ్చారు. అప్పటికే పిల్లల్ని చంకనెత్తుకున్నవాళ్ళు. ఆమె శిష్యురాలు ఒకావిడ వాయించింది. మొదటి చరణానికే హాలంతా అందుకుంది. మధ్యలో ఆగే చోట అందరూ ఆగారు, ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. మా అక్క స్పీకరు పెట్టెకు వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. ఆర్గన్‌ను నేను వెనక్కి తెచ్చుకోలేదు.

తర్వాత చాలా వెతికాను. అక్క చిన్నప్పుడెప్పుడైనా ఆ పాట విన్నదేమోనని మా మేనత్తను అడిగాను. అక్కకు చెవులు పోయేనాటికి రూతమ్మ ఆ బడిలో చేరనేలేదని సారు చెప్పారు. ఆర్గన్ తేవడానికి ముందు అక్క తాండూరు మొహం చూడలేదు. రేడియో తరంగాలేమో అనుకుందామంటే, వాల్వులు మంచం మీదున్నాయి. ఆ పాట ఏ రేడియోలోనూ రాలేదు. ఖాళీ స్పీకర్ల ముందు అక్కను ఎన్నోసార్లు కూర్చోబెట్టి చూశాను. చెయ్యి పెట్టి, "మోటారు" అనేది, అంతే. మళ్ళీ ఎప్పుడూ జరగలేదు.

ఒకసారి సూటిగా అడిగాను. "అక్కా, ఆ రోజు నీకు ఏం వినబడ్డది?"

ఆమె నన్ను వింతగా చూసింది.

"నాకు వినబడుడేంది తమ్మీ? పిల్లలు వచ్చి కూసుంటుండిరి. కూసున్నంక ఆమె ఆపింది."

పిల్లల సంగతి అక్కతో అప్పటికి ఎవరైనా చెప్పి ఉండొచ్చు. ఖాదర్ భాయ్ చెప్పాడేమో. చెప్పలేదనే అంటాడు ఆయన. ఇంతకుమించి నా దగ్గర ఏమీ లేదు. ఇన్నేళ్ళు తీగలతో బతికినవాణ్ణి, ఆ ఆదివారం పొద్దున ఏ తీగ ఎక్కడ కలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు.