చెప్పులేసుకుని పాడిన భక్తిపాట

ఈ సాయంత్రం అనకాపల్లిలో అమ్మవారి జాతరలో పాడాను. స్టేజీ నిండా పసుపునీళ్లు చల్లారు. అందరిలాగే చెప్పులు కిందే వదిలి ఎక్కాను. మొదటి పల్లవికే మైకు పెదవికి షాక్ కొట్టింది. ఆ తర్వాత దాన్ని చూస్తే పాముని చూసినట్టే ఉంది.

సౌండ్ సిస్టమ్ మస్తాన్ బాబాయి పరుగున వచ్చాడు. “వైరు మార్సేనమ్మా. అయినా నమ్మకం లేదు, రబ్బరు సెప్పులేసుకుని పాడు.”

“అమ్మవారి ముందు చెప్పులేటి బాబాయ్?”

“అమ్మోరు ఒగ్గేత్తాది గానీ కరెంటు ఒగ్గదు.”

వేసుకున్నాను. మైకుకి జానెడు దూరంలో నిలబడి, వణుకుతూనే మూడు పాటలు పాడాను.

దిగగానే ఒక ముసలమ్మ నా చేతులు పట్టుకుంది. “ఎంత బక్తి తల్లీ! గొంతు ఒణికిపోయింది.”

ఆవిడ కళ్లు నా కాళ్ల మీద పడకుండా చీర కుచ్చిళ్లు కిందికి లాక్కున్నాను. మీరైతే నిజం చెప్పేవారా?