పెద్దమ్మ వంతు మందు

నా కనుబొమల మధ్య రెండు నిలువు గీతలుండేవి. పుట్టుకతో వచ్చినవి కావు. ముప్పై దాటాక మొదలయ్యాయి, డర్బన్ వచ్చాక లోతుగా దిగాయి. నేను కూర్చుని కందిపప్పులో రాళ్లేరుకుంటున్నా సరే, చూసేవాళ్లకు ఎవరి మీదో పళ్లు నూరుతున్నట్టే కనిపించేది. మన డాక్టర్ల కుటుంబాలు నెలకోసారి పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో ఎవరో ఒకరింట్లో కలిసేవాళ్లం. అక్కడొకావిడ, మా ఆయనకు పైన ఉండే పెద్ద డాక్టరు భార్య, పదిమందిలో నా గడ్డం పట్టుకుని, "ఏమ్మా, మా వంట నచ్చలేదా? మొహం అలా చిరాగ్గా పెట్టావు" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి ఆ గీతల్ని వేళ్లతో పక్కలకు లాగి చూసుకున్నాను. పదేళ్లు తగ్గాయి. వేళ్లు తీస్తే మళ్లీ అదే ముఖం.

ఇంత అల్పమైన సంగతికి అంత పని చేస్తారా అని ఎవరైనా అడగొచ్చు. చేస్తారు. నేను చేశాను.

అప్పటికి ఆ దేశంలో తెల్లవాళ్ల పాలన పోయి అందరికీ ఓటు వచ్చి నాలుగేళ్లు. మా ఆయన కళ్ల డాక్టరు. గుంటూరులో ఉన్న ఉద్యోగం వదిలేసి వచ్చి అక్కడి ప్రభుత్వాసుపత్రిలో చేరాడు. డర్బన్‌లోనే ఖర్వాస్తాన్ అనే పేటలో ఒక ఇంటి పై వాటా అద్దెకు తీసుకున్నాం. కింద ఇంటావిడ ఉండేది. చెరకు తోటల్లో కూలికని ఓడెక్కి వచ్చిన తెలుగువాళ్ల మనవరాలు. బాప్టిస్టు. భర్త పోయాడు. పిల్లలందరికీ ఇంగ్లీషు తప్ప ముక్క రాదు. ఆవిడకు మాత్రం వాళ్ల అవ్వ నేర్పిన తెలుగు కొంచెం మిగిలింది, తిండికీ ప్రార్థనకూ తిట్లకూ సరిపడా. నేను దిగిన రోజున నా మాట విని మెట్ల మీదే కూలబడింది. "మా అవ్వ మాట నీ నోట్లో ఉంది, పాపా" అంది. ఆ రోజు నుంచి నాకు ఆవిడ పెద్దమ్మ, ఆవిడకు మా ఆయన అల్లుడు.

ఆవిడ తెలుగుకు ఆడా మగా తేడా లేదు. "అల్లుడు వచ్చింది?" అని అడిగేది. చేమదుంపల్ని మదుంబీలనేది. నన్ను తొందర పెట్టాలంటే "చెచ్చా, చెచ్చా" అనేది. మొదట్లో సరిదిద్దబోయాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఆవిడతో మాట్లాడుతుంటే నాకు ఆ దేశంలో ఒక దిక్కున్నట్టు ఉండేది, అందుకని ఊరుకున్నాను.

ఆవిడ బట్టల ఫ్యాక్టరీలో మెషిన్ మీద పని చేసేది. బడిపిల్లల ప్యాంట్లకు జిప్పులు కుట్టడం, ముప్పై ఏళ్లుగా అదే పని. చిన్న కూతురి నర్సు చదువు ఇంకా రెండేళ్లుంది. అది పూర్తయ్యేదాకా మెషిన్ వదలనని ఆవిడ పంతం. అప్పుడే బయటి దేశాల బట్టలు ఓడల మీద దిగుతున్నాయి. ఒక్కో ఫ్యాక్టరీ మూతపడుతోంది. మిగిలినవాటిలో ఎవర్ని తీసెయ్యాలా అని సూపర్‌వైజర్లు కాచుకుని ఉన్నారు.

అలాంటి సమయంలో ఆవిడ కళ్లు మూసుకుపోవడం మొదలైంది. కంటికేమీ జబ్బు లేదు. రెప్పల చుట్టూ ఉండే కండరాలు వాటంతటవే పిడికిలిలా బిగుసుకునేవి. కుడుతూ కుడుతూ ఉండగా రెండు కళ్లూ మూతపడేవి, వేళ్లతో విడదీస్తే తప్ప తెరుచుకునేవి కావు. పాట పాడితే కాస్త సడలేవి, అందుకని మెషిన్ మీద కూర్చుని ప్రార్థన పాటలు పాడేది. చర్చిలో వాళ్లు భక్తి ఎక్కువైందనుకున్నారు. ఫ్యాక్టరీలో నిద్రపోతోందనుకున్నారు. ఆవిడ మాత్రం "ముదనష్టపు కండ్లు" అని వాటినే తిట్టుకునేది.

ఆ జబ్బును కనిపెట్టింది మా ఆయనే. మెట్ల దగ్గర ఒక్క నిమిషం చూసి పేరు చెప్పేశాడు. దానికొక సూదిమందు ఉంది. బిగుసుకున్న కండరంలోకి కొంచెం ఎక్కిస్తే అది మూడు నెలలు బిగుసుకోవడం మానేస్తుంది. మొదటిసారి సూదులు వేసిన నాలుగో రోజున పెద్దమ్మ పైకొచ్చి, కళ్లు రెండూ బార్లా తెరిచి, "చూడు పాపా, చూడు" అని నా వంటింట్లో గిరగిరా తిరిగింది. నేనూ ఏడ్చాను. అది నిజమైన ఏడుపే. అలా ఏడ్చిన మనిషినీ, ఆ తర్వాత ఆ పని చేసిన మనిషినీ ఇద్దర్నీ నేనే మోస్తున్నాను.

ఆ మందు ఖరీదైనది. ఆసుపత్రికి నెలకొక చిన్న సీసా వచ్చేది. లోపల పొడి ఉంటుంది. సెలైన్ కలిపాక కొన్ని గంటల్లో వాడెయ్యాలి, తర్వాత పనికిరాదు. అందుకని ముగ్గురు రోగుల్ని ఒకే పొద్దున పిలిచి ఒక్క సీసా ముగ్గురికీ పంచేవాళ్లు. ఎవరైనా రాకపోతే ఆ వంతు పారబోయడమే.

అదే మందు నుదుటి మీద గీతల్ని కూడా మాయం చేస్తుందని అప్పుడప్పుడే డాక్టర్లకు తెలుస్తోంది. కోత లేదు, కుట్టు లేదు, మంచమెక్కే పని లేదు. పది నిమిషాల్లో కనుబొమల మధ్య ఐదు పోట్లు, అంతే. సముద్రం ఒడ్డున ఒక ప్రైవేటు క్లినిక్ వాళ్లు శనివారాలు వచ్చి ఆ పని చెయ్యమని మా ఆయన్ని అడిగారు. ఆయనకు రెప్పల సంగతి తెలుసు గానీ నుదుటి మీద చెయ్యి తిరగలేదు. ఒకరోజు అన్నం తింటూ అన్నాడు: "ఎవరైనా రాక వంతు మిగిలితే తెస్తాను. ముందు నీ మీద చూసుకుంటా." నేను కూర వడ్డిస్తూ, "నేనేమన్నా ఎలుకనా, ప్రయోగాలకు?" అన్నాను. అన్నానే గానీ ఆ రోజు నుంచి ఎవరు రాకుండా ఉంటారా అని లెక్కలేసుకుంటూనే ఉన్నాను. మూడు నెలలు గడిచాయి. ముగ్గురికి ముగ్గురూ వచ్చారు. కళ్లు మూతపడ్డవాళ్లు ఎందుకు రారు? దేక్కుంటూ అయినా వస్తారు.

మళ్లీ పెద్దమ్మ వంతు వచ్చిన నెల. ఆసుపత్రిలో ఈ సూదుల క్లినిక్ ఎప్పుడూ గురువారం. ఆ వారం ఏదో సెలవు అడ్డొచ్చి మంగళవారానికి జరిపారు. మిగతా ఇద్దరికీ గుమాస్తా కబురు పెట్టాడు. పెద్దమ్మ ఎలాగూ మా కిందే ఉంటుంది కదా అని మా ఆయనకు చెప్పాడు. మా ఆయన శనివారం బూట్లు వేసుకుంటూ నాకు చెప్పాడు. "పెద్దమ్మకు చెప్పు, మంగళవారం పొద్దున్నే రమ్మను."

ఆదివారం చర్చి నుంచి వచ్చి ఆవిడ నాకు టిన్ను చేపల కూర తెచ్చిచ్చింది. అప్పటికే మందు పట్టు తగ్గుతోంది, ఒక కన్ను సగం మూసుకుపోతోంది. "గురువారం వరకు ఓపిక చెయ్యాలి" అంది. నేను గిన్నె అందుకుని, "ఘుమఘుమలాడుతోంది పెద్దమ్మా" అన్నాను. సోమవారం సాయంత్రం ఫ్యాక్టరీ బస్సు దిగి గోడ పట్టుకుని నడిచొస్తుంటే పై నుంచి చూశాను. చెయ్యి ఊపాను కూడా. ఆవిడకు కనపడలేదు.

మర్చిపోయానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. పచ్చి అబద్ధం. మా ఇద్దరు పిల్లల టీకాలు, పాలవాడి బాకీలు, పీటర్‌మారిట్జ్‌బర్గ్ ఆవిడ అన్న ముక్క, ఏదీ మర్చిపోని దాన్ని అదొక్కటే మర్చిపోయానా? ఒక నెల ఆలస్యమైతే ఏం మునిగిపోతుంది, పాటలు పాడుకుంటూ నెట్టుకొస్తుందిలే అనుకున్నాను. నా మనసులో ఆ మాటే ఉంది, ఆ మాటలతోనే ఉంది.

మంగళవారం మధ్యాహ్నం మా ఆయన ఐసు ముక్కల ఫ్లాస్కులో సిరంజి పెట్టుకుని వచ్చాడు. "పెద్దమ్మకు చెప్పావు కదా?" అన్నాడు.

"చెప్పాను. ఫ్యాక్టరీలో సెలవివ్వలేదేమో."

ఆయన ఇంకేమీ అడగలేదు. వంటింటి కిటికీ దగ్గర, వెలుతురులో, స్టూలు మీద కూర్చోబెట్టి ఐదు పోట్లు పొడిచాడు. చీమ కుట్టినట్టు ఉంది. నాలుగు గంటల పాటు పడుకోవద్దు, రుద్దుకోవద్దు అన్నాడు. నేను పిల్లల చొక్కాలకు ఇస్త్రీ చేసుకుంటూ నిలబడ్డాను. మా అమ్మ ఒక సామెత చెప్పేది, సొమ్మొకడిది సోకొకడిది అని. ఆ రోజు అది గుర్తు రాలేదు. గుర్తొస్తే మాత్రం ఆగేదాన్నా?

గురువారం పెద్దమ్మ రెండు బస్సులు మారి, దారిలో వాళ్లనూ వీళ్లనూ అడుక్కుంటూ ఆసుపత్రికి వెళ్లింది. మొన్ననే అయిపోయింది, వచ్చే నెల రమ్మన్నారు. తిరిగొచ్చి మెట్ల కింద నిలబడి నన్ను పిలిచింది. "పాపా, మంగళవారం అంట. ఎవరూ నాకు చెప్పలేదు."

నేను కిందికి దిగి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "ఆసుపత్రి వాళ్లంతే పెద్దమ్మా, ఒక్కటీ సరిగ్గా చెయ్యరు. ఈ కొత్త ప్రభుత్వం వచ్చాక అంతా ఇలాగే తగలడింది" అన్నాను. ఆ రోజుల్లో మావాళ్ల ఇళ్లలో బల్బు మాడిపోయినా ఆ మాటే అనేవాళ్లు. అనడం సులువు, ఎవరూ కాదనరు. నేను చేసిన పనిని తీసుకెళ్లి, జీవితంలో మొదటిసారి ఓటేసిన నల్లవాళ్ల నెత్తిన పెట్టి మెట్లెక్కి వచ్చేశాను.

పెద్దమ్మ గురువారం వచ్చి వెళ్లిన సంగతి మా ఆయనకు తర్వాత గుమాస్తా చెప్పాడట. రాత్రి భోజనం దగ్గర నా ముఖంలోకి చూశాడు. అందులో ఏమీ దొరకలేదు. దొరక్కుండా చేసింది ఆయనే కదా. ఆ నెల మందు అయిపోయింది, చేసేదేమీ లేదు అన్నాడు. పళ్లెంలో చెయ్యి కడిగేసుకుని లేచాడు.

మూడో వారంలో ఫ్యాక్టరీలో తీసేసేవాళ్ల జాబితా పెట్టారు. పెద్దమ్మ పని నిదానించింది, సూది ఒకసారి వేలిలోకి దిగింది, రెండుసార్లు సూపర్‌వైజర్ వచ్చి చూసినప్పుడు కళ్లు మూసుకుని కూర్చుని ఉంది. ఒక బుధవారం పట్టపగలు పక్క మెషిన్ ఆవిడ చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది. పెద్దమ్మ చంకలో తన కత్తెర, కూర్చునే మెత్త ఉన్నాయి. "నిద్రపోతా ఉందని రాసినారు" అంది. "ముప్పై ఏండ్లు నేను ఒక్క రోజు నిద్రపోలేదు పాపా. నువ్వు చెప్పు అల్లుడికి, పేపరు రాయమను, నాకు నిద్ర కాదు అని." మా ఆయన రాసిచ్చాడు. వాళ్లు ఆ కాగితం తీసుకుని ఫైల్లో పెట్టుకున్నారు. మెషిన్ మాత్రం తిరిగి ఇవ్వలేదు. కూతురు నర్సు చదువు ఆపి ఒక సూపర్‌మార్కెట్ కౌంటర్లో చేరింది.

ఆ నెలంతా నా నుదురు పళ్లెంలా నున్నగా ఉంది. పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో ఆ పెద్దావిడ, "ఏం తింటున్నావమ్మా, చిన్నపిల్లలా అయిపోయావు" అంది.

తర్వాతి క్లినిక్‌కు నేనే పెద్దమ్మను కారులో తీసుకెళ్లాను. సూదులు పడ్డాయి. నాలుగైదు రోజులకు, ఒక ఆదివారం పొద్దున, ఉడకబెట్టిన మదుంబీలు పళ్లెంలో పెట్టుకుని ఎవరి సాయం లేకుండా మెట్లెక్కి వచ్చింది. కళ్లు తెరిచే ఉన్నాయి. నెలన్నర తర్వాత నా ముఖాన్ని అప్పుడే చూసింది. పళ్లెం బల్ల మీద పెట్టి, కళ్లజోడు కొంగుతో తుడుచుకుని, దగ్గరికొచ్చింది.

"నీ గీతలు ఎక్కడ పోయింది?"

"ఏదో క్రీము పెద్దమ్మా."

ఆవిడ నా కనుబొమల మధ్య బొటనవేలు ఆనించింది. ఆసుపత్రిలో సూదులు వేశాక నర్సు ఆవిడతో కళ్లు గట్టిగా బిగించి చూపించమంటుంది, మందు పట్టిందో లేదో చూడ్డానికి. ఆ పరీక్ష ఆవిడకు బాగా తెలుసు.

"కోపం చెయ్యి" అంది. "నా మీద కోపం చెయ్యి, చూస్తా."

చేశాను. చేతనైనంత చేశాను. ఆవిడ వేలి కింద ఏదీ కదల్లేదు.

"మంగళవారం" అంది.

నేను తలూపాను.

"అల్లుడికి తెలుసు?"

"తెలియదు. చెప్పానని అబద్ధం చెప్పాను."

వేలు తీసేసింది. తిట్టలేదు. తిట్లు ఆవిడకు బాగా వచ్చు, ఒక్కటీ వాడలేదు. మదుంబీల పళ్లెం అక్కడే వదిలేసి కిందికి దిగిపోయింది. తిన్నామో లేదో నాకు గుర్తు లేదు.

నాలుగు నెలలకు నా గీతలు తిరిగొచ్చాయి. అప్పటికి మా ఆయన శనివారం క్లినిక్‌లో చేయి తిరిగినవాడయ్యాడు, మళ్లీ వేస్తానన్నాడు. వద్దన్నాను. పెద్దమ్మ ఇంట్లో పాత కుట్టుమిషను పెట్టుకుని చుట్టుపక్కల వాళ్ల పరదాలకు అంచులు కుట్టేది. ఆ మిషను చప్పుడు మా గదిలోకి వచ్చేది.

మేం ఆ ఇంట్లో ఇంకో ఏడాదిన్నర ఉన్నాం. ఆవిడ నాతో మాట్లాడటం మానలేదు. ఉత్తరాలొస్తే అందించేది, నీళ్లు ఆగిపోయేట్టుంటే ముందుగా చెప్పేది. అంతా ఇంగ్లీషులోనే. "గుడ్ మార్నింగ్, మేడమ్" అనేది, నేను పెద్దమ్మా అన్నా మేడమ్ అనే అనేది. నాతో ఒక్క తెలుగు మాట అనలేదు. సాయంత్రం మా ఆయన కారు ఆగితే మాత్రం తలుపు తీసుకుని వచ్చి, పైన ఉన్న నాకు వినపడేలా, "అల్లుడు, ఎండలో వచ్చినావు, కూచో, మజ్జిగ తాగి పో" అనేది.