మూఢంలో క్యాసెట్టు

బడిలో నోరు మూయడం చేతగాక నేను అయిదో తరగతిలోనే బయటపడ్డాను. ఆ తర్వాత నరసరావుపేటలో బ్యాండుమేళంలో చేరితే, క్లారినెట్ మాస్టరు ఒక పాత క్లారినెట్టు నా చేతికిచ్చి కొన్నాళ్లు ఓపిక పట్టాడు. నా వేళ్లు ఒక్క బొక్కనూ సరిగా మూయలేదు. చివరికి మూయడానికి బొక్కలే లేని వాయిద్యం వెతికి, డ్రమ్ము నా మెడలో వేశాడు. మూయడమనే విద్య నాకు రాసిపెట్టి లేదు.

మాస్టరు ఎర్రకోటు తొడుక్కుని పెళ్లిళ్లలో సినిమా పాటలు ఊదేవాడు. కుర్రతనంలో మాత్రం బిట్రగుంట రైల్వే కాలనీలో ఒక ఆంగ్లో ఇండియన్ గార్డు దగ్గర వేరే రకం పాట నేర్చుకున్నాడు. జాజ్ అనేవాడు. ఎక్కడ మొదలుపెట్టామో గుర్తుంటే చాలు, ఎటుపోయినా తప్పులేదు అన్నది దాని గురించి మాకు చెప్పిన మొత్తం పాఠం. ఊరేగింపులో అట్లా కుదరదు. పెళ్లికొడుకు జీపు మాచర్ల రోడ్డు పట్టుకుంటే పాట వినుకొండ వైపు పోతానంటే పెళ్లివారు ఊరుకుంటారా? అందుకని ఆ పాటను మూఢం వచ్చేదాకా దాచుకునేవాడు.

శుక్రుడు కనపడని మూఢం రోజుల్లో ముహూర్తాలుండవు. మాకు పనీ ఉండదు. అప్పుడు మాస్టరు ఇంట్లో చేరేవాళ్లం. నేను, హార్మోనియం వాయించే దర్జీ, మాస్టరు, ఆయన బావమరిది కువైట్ నుంచి తెచ్చిన టేప్ రికార్డరు. మూఢంలో బ్యాండు వినపడితే వీధివాళ్లు ఇది ఏ కొంపలో పెళ్లని తిట్టిపోస్తారు. క్లారినెట్టు మూతిలో గుడ్డ కుక్కితే లాభం లేదు, శబ్దం బొక్కల్లోంచే వచ్చేస్తుంది. అందుకని కిటికీకి బొంత వేలాడదీసి, మాస్టరు కింది స్వరాల్లో, చెవిలో మాట చెప్పినట్టు ఊదేవాడు. నేను డ్రమ్ము మానేసి రేకు పెట్టె మీద వేళ్లతో కొట్టేవాణ్ని.

వదిన, అంటే మాస్టరు భార్య, వంటింటి పరదా వెనక ఉండేది. మామూలుగా నాతో బాగానే మాట్లాడేది గానీ టేపు తిరుగుతుంటే మాత్రం నోరు తెరిచేది కాదు. తన గొంతు డబ్బాలో పడి ఊరెమ్మట తిరగడం ఎందుకనేది. ఒక్కో పాట అవగానే మాస్టరు మూతి తుడుచుకుని పరదా వైపు తిరిగి, “ఏమే, ఎట్టుంది?” అని అడిగేవాడు. లోపల తపేలా మీద గరిటెతో ఒక దెబ్బ పడితే బాగున్నట్టు. రెండు పడితే మళ్లీ ఊదమన్నట్టు. ఏమీ పడకపోతే ఆ పాట మేమూ మరిచిపోయేవాళ్లం. ఈ సందులో నేను తపేలా సొట్టలు పోతోందనో, ఈసారి అట్లకాడతో కొట్టమనో ఏదో ఒకటి కూసేవాణ్ని. మాస్టరు నవ్వేవాడు. నవ్వు చివర దగ్గు వచ్చేది.

ఉన్నది ఒకటే క్యాసెట్టు. ప్రతి మూఢానికీ దాని మీదే మళ్లీ రికార్డు చేసేవాళ్లం. వచ్చే ఏడు ఇంతకన్నా బాగా ఊదుతా, ఇది దాచుకుని ఏం చేస్తాం అనేవాడు. అట్లా చివరి మూఢంలో ఊదింది ఒక్కటే టేపు మీద మిగిలింది. ఆ వానాకాలం దగ్గు ముదిరి మాస్టరు పోయాడు.

నాకు ఏడుపు రాలేదు. జోకూ రాలేదు. మట్టి వేసి వస్తుంటే దర్జీ రెండు కాళ్లకూ వేరు వేరు చెప్పులు వేసుకున్నాడని గమనించాను. అది చెబితే అతనైనా నవ్వేవాడు. చెప్పలేదు. ముహూర్తాలు మొదలయ్యాక దాచేపల్లి నుంచి ఇంకో క్లారినెట్టాయన వచ్చాడు. ఆయన ఊదాడు, నేను కొట్టాను. పెళ్లిళ్లు అయ్యాయి.

వదిన ఇద్దత్‌లో ఉంది, భర్త పోయాక ముస్లిం ఆడవాళ్లు పరాయి మగవాళ్ల కంటపడని రోజులు. ఒకరోజు కబురు పెట్టి పిలిపించి, పరదా కిందినుంచి క్యాసెట్టు నావైపు తోసింది. మిషను టేపును నమిలేస్తోందట. పూర్తిగా తెగిపోకముందే కొత్తదాంట్లోకి ఎక్కించుకు రమ్మంది. ఆయనది తనకు మిగిలింది అదొక్కటే అంది.

బస్టాండు దగ్గర రికార్డింగ్ షాపులో పెట్టి విన్నాను. మొదట వినపడింది నా కూతే. పోయినవాడి పాట మధ్య నా వాగుడు ఏం బాగుంటుందనిపించింది. దర్జీని అడిగితే తీసెయ్యమన్నాడు. రెండు డెక్కుల ముందు కూర్చుని, పాట ఆగగానే కొత్తదాన్ని ఆపుతూ, పాట అందుకోగానే వదులుతూ పోయాను. నా మాటలు పోయాయి. దగ్గు పోయింది. గిన్నెల చప్పుడు పోయింది. మేళంలో పనిచేసేవాడికి పాటే సరుకు, మిగిలిందంతా పొట్టు. నా నోటికి నేనే వేలితో తాళం వేసుకుంటున్నానన్న సంగతి కూడా నాకప్పుడు నవ్వుగా అనిపించలేదు. బొత్తాలు నొక్కాను, అంతే. పాతదాన్ని ఏం చేయమంటావని షాపతను అడిగితే ఏదోటి చేయమన్నాను. నలిగిన టేపులను అతను రొంపిచెర్ల వైపు రైతులకు ఇచ్చేస్తాడు. జొన్నచేల మీద అడ్డంగా కడితే గాలికి బుయ్యిమని మోగి పిట్టలు వాలవు.

కొత్త క్యాసెట్టు తీసుకెళ్లి పరదా ఇవతల కూర్చున్నాను. లోపల వదిన టేపు పెట్టింది. పాట వెంట పాట, మధ్యలో ఏమీ లేదు, ఊరేగింపులో ఊదినట్టు. ఒక పక్క అయ్యాక తిప్పి రెండో పక్కా విన్నది. టక్కుమని ఆగింది. తపేలా మీద దెబ్బ మాత్రం పడలేదు.

తర్వాత, “ఎట్టుందని ఆయన అడిగేది యాడ?” అంది.

పాట ఒక్కటే ఉంచానని, చప్పుళ్లన్నీ తీసేశానని చెప్పాను. పాతది ఏదని అడిగింది. అదీ చెప్పాను. ఏ ఊరు, ఎవరి చేను అని అడిగింది. నాకు తెలియదు. తలుపు దగ్గర నా చెప్పులు వెతుక్కుంటున్నాను. అప్పుడు గరిటె ఏదో పక్కన పెట్టిన చప్పుడయింది.

“ఇన్నేళ్లూ నీ నోరు మూయించలేక సచ్చాం మరిదీ,” అంది. “మూసుకున్న ఆ ఒక్కనాడు మా ఇద్దరి నోళ్లు గూడా కలిపి మూసినావు.”